రెండు తోకలు, ఒక చిమ్నీ

"ఆదివారం పిట్టల్ని చూడ్డానికెళ్ళే బర్డ్ వాక్‌కి లీడర్‌గా మన సంఘంలో ఆ విద్యని పెడతావా వేణూ? పెట్టు, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే లిటిల్ స్విఫ్ట్‌నీ, హోరస్ స్విఫ్ట్‌నీ విడదీసి చెప్పగల తెలుగువాడు ఈ నేపర్‌విల్ మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. వాడు నీ ఎదురుగా కూర్చుని మిర్చిబజ్జీ తింటున్నాడు. అది తెలుసుకుని పెట్టు."

దత్తాత్రేయ ఇంటి వెనక డెక్ మీద కూర్చున్న తెలుగు సంఘం సెక్రటరీ వేణుమాధవ్ టీ కప్పు దించాడు. "అవేం పిట్టలు అంకుల్?"

"ఆఫ్రికా పిట్టలు. పోయినేడు మావాడు మమ్మల్ని కెన్యా తీసుకెళ్ళాడు కదా, అక్కడ చూశాను. రెండూ నలుపే, రెండింటికీ నడుం మీద తెల్లపట్టీయే. లిటిల్ తోక కత్తిరించినట్టు తిన్నగా ఉంటుంది, హోరస్ తోకలో చిన్న చీలిక. అది తోక విప్పిందా, ఆ చీలిక కూడా కనపడదు! మా గైడు ముప్పై ఏళ్ళ సర్వీసు, చేతులెత్తేశాడు. నేను ఒక్క చూపు చూసి చెప్పేశాను. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? కళ్ళు మూసుకుని చెప్పాను."

"కళ్ళు మూసుకునా?"

"రెక్కల గాలి చెంపకి తగిలితే చాలయ్యా! నా పెరుగన్నం మీద నీడ పడితే చాలు, ఏ పిట్టదో చెప్పేస్తాను. ఇంతలో నాలుగు వేల పిట్టలు కలగాపులగంగా వచ్చాయి. లేచి చెయ్యూపాను. లిటిళ్ళు ఎడమకి, హోరస్‌లు కుడికి! ఒక హోరస్ తప్పుడు లైన్లో దూరింది. వేలు చూపించానంతే, సిగ్గుపడి ఇటు వచ్చేసింది."

లోపల్నించి ఇంకో వాయి బజ్జీలు తెస్తూ దత్తాత్రేయ భార్య బాలమణి నవ్వింది.

"ఆ ఊరి ప్రొఫెసరు తను రాసిన పుస్తకం చింపేసి నా కాళ్ళ మీద పడ్డాడు. ఒక హోరస్ అయితే వచ్చి, ఇదిగో, ఈ భుజం మీద వాలింది."

"స్విఫ్టులు ఎక్కడా వాలవట కదా అంకుల్? గోడలకి వేలాడతాయని విద్య చెప్పింది."

"అందరి మీదా వాలవు. ఇప్పుడు చెప్పు, లీడర్‌గా ఎవరిని పెడతావు?"

వేణుమాధవ్ నిజంగానే ఆలోచనలో పడ్డాడు. అప్పుడే డెక్ మీదుగా నల్లటి పిట్టలు కిచకిచమంటూ రయ్యిన వచ్చి, ఒక్కొక్కటే ఇంటి చిమ్నీలోకి దిగడం మొదలుపెట్టాయి. దత్తాత్రేయ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"గబ్బిలాలు! బాలమణీ, డోర్ వెయ్యి!" అంటూ చేతిలో ఉన్న పళ్ళెం నెత్తిన బోర్లించుకున్నాడు.

"గబ్బిలాలేంటండీ! అవి చిమ్నీ స్విఫ్టులు. మే నెల నుంచీ రోజూ సాయంత్రం చూస్తున్నాను." బాలమణి పైకి చూస్తూ లెక్కపెడుతోంది. "మీరు కెన్యాలో వ్యాన్‌లో నిద్రపోతుంటే ఆ గైడు రెండు తోకల తేడా గంటసేపు నాకు చెప్పాడు. ఇంటికొచ్చి మీకు నేను చెప్పాను. పాపం, తోకల వరకూ బాగానే గుర్తుపెట్టుకున్నారు."

వేణుమాధవ్ ఫోన్ తీశాడు. "ఆంటీ, ఆదివారం పొద్దున్న ఏడింటికి మీకు వీలవుతుందా?"

"వస్తాను నాయనా."

"మరి నేనో?" అన్నాడు దత్తాత్రేయ పళ్ళెం కిందనుంచి.

"మీరూ రండి. ముందు ఆ చొక్కా మార్చుకోండి. మీ హోరస్ వాలిన చోట చట్నీ పడింది."