నెవిల్ బల్ల మీద మూడు తుపాకులు

హలో… ఆ, నేనే బావా, డెరిక్‌ని… ఇంకే డెరిక్, నీ పెళ్లాం తమ్ముణ్ని…

లేదు, ట్రాక్టరు చెడిపోలేదు… పడవా మునగలేదు. ఏదైనా మునిగితేనే నేను ఫోన్ చేస్తానా?

సరే, ఒకసారి మునిగింది. దాన్నే ఎన్నేళ్లు చెప్పుకుంటావు…

స్పాల్డింగ్‌లో ఉన్నాను. నెవిల్ కొట్లో… ఆ, తుపాకుల నెవిలే. తుపాకి కొందామని వచ్చాను.

నవ్వకు… నవ్వకు బావా, మా అక్క వచ్చి ఎందుకు నవ్వుతున్నావని అడుగుతుంది…

నా పాతది బాగానే ఉంది. బాగుంటే ఇంకోటి కొనకూడదా? నీకు టోపీలు ఎన్నున్నాయి, తల ఒకటేగా…

ఏమిటీ?… గట్టిగా చెప్పు, కొట్లో గోలగా ఉంది…

నిజమేలే, ఎవరూ లేరు. నెవిల్ టీ కాస్తున్నాడు, ఆ కెటిల్ గోల… ఉండు, ఫోను ఈ చెవికి మార్చుకుంటా… ఆ. ఇప్పుడు చెప్పు.

నువ్వు ఈ ఏడు రానని తెలుసు. అక్క చెప్పింది… బాతుల వేట మొదలయ్యే సెప్టెంబరు ఒకటిన కరకట్ట దాటనని, తుపాకి లైసెన్సు కూడా మళ్లీ రాయించుకోనని భీష్మించుకు కూచున్నావట…

బతిమాలడానికి చెయ్యలేదు. రాకు. సలహా కోసం చేశాను. కట్ట అవతల బురద పర్రలోకి నీ కాళ్లు రాకపోయినా నోరు పనిచేస్తుంది కదా…

అలా ఉండాలి. విను. బల్ల మీద మూడున్నాయి.

మొదటిది అందగత్తె. పక్కపక్కన జంట గొట్టాలు, తేనె రంగు కర్ర, ఇనుము మీద పూలూ తీగెలూ చెక్కి ఉన్నాయి…

దాని వంక చూడొద్దా? ఎందుకు, నీకన్నా చిన్నదే…

ఆ… గొట్టం పలచన… ఆ… మూతి బాగా బిగువు. అవును, రెండూ బిగువే… సీసపు గుళ్లు మెత్తన, ఆ బిగువులో నలిగి సర్దుకుపోయేవి. సీసం నిషేధించాక వచ్చిన ఉక్కు గుండు నలగదు, సర్దుకోదు, దారిలో ఉన్నదాన్నే నెడుతుంది… అంటే మా అక్క లాగన్నమాట…

నేననలేదు, మొన్న ఈస్టరుకి నువ్వే అన్నావు.

సరే, అందగత్తెని పక్కన పెట్టాను. ఈ పాఠం నీకన్నా బాగా ఎవరు చెప్తారులే…

దెప్పట్లేదు… సరే, కొంచెం దెప్పుతున్నాను. నీ పాతదానికి పడే మెత్తని బిస్మత్ తూటాలు అయిపోయాయని ఒక్క మాట నాతో అంటే నా తుపాకే నీ చేతికిచ్చేవాణ్ని. అడక్కుండా నా సంచిలో చెయ్యి పెట్టి, ఉక్కు తూటాలు రెండు తీసి మీ నాన్న తుపాకిలో వేశావు…

రెండుసార్లు పేల్చినంత మాత్రాన ఏమవుతుందనుకున్నావు, అవును. ఏమైందో చూశాంగా. మూతికి జానెడు కింద, పాము కప్పని మింగినట్టు ఉబ్బింది… ఆ బాతుకి ఈకైనా రాలిందా? తుపాకి వాచింది, బాతు మాత్రం దర్జాగా నార్ఫోక్ వెళ్లి ఎవరి చేలోనో భోంచేసింది.

బావా?…

ఊరికే అన్నాను… తెలుసు. జనవరిలో ఆ రోజు నువ్వు ఇంటిదాకా మాట్లాడలేదు. గొట్టాన్ని బొటనవేలితో తడుముతూనే ఉన్నావు, నేను చూశాను. నాకూ బాధేసింది…

సరే, సరే. రెండోది చెప్తాను. నల్లది. ఒకటే గొట్టం, ప్లాస్టిక్ కర్ర. ఒకటి పేలగానే తనంతట తనే ఇంకో తూటా ఎక్కించుకుంటుంది. దీనికి ఉక్కు అంటే లెక్కలేదట…

ఆ… బురద పడితే? ఇసక చేరితే?… మొరాయిస్తుందంటావు. నీ ట్రాక్టరు లాగా…

ఏమన్నావు? సైకిల్ పంపా?… నెవిల్, నీ తుపాకి మా బావకి సైకిల్ పంపులా ఉందట…

నెవిల్ నీకు ఇకమీదట టీ ఇవ్వడట. పర్రలో సగం మంది ఇవే మోస్తున్నారట… ఆ, ఆ సగం మంది గురించి నీ అభిప్రాయం తెలుసు, అతనికి చెప్పను.

ఇక మూడోది. గొట్టం మీద గొట్టం. వాడినదే, కానీ ఒళ్లు దిట్టంగా ఉంది. కర్ర సాదాది. గీతలు కూడా ఉన్నాయి… గీతలుంటే మంచిదా?… ఆ, ముందే గీసుకుపోతే ఆ తర్వాత దిగులుండదు. పెళ్లయిన కొత్తలో ఇదే మాట నన్ను చూపించి మా అక్కతో అన్నావు.

ముద్రలా? ఎక్కడ చూడాలి?… గొట్టాలు విప్పి, అడుగున… నెవిల్, ఇటొచ్చి విప్పవయ్యా, మా బావ లోపలంతా చూడమంటున్నాడు… ఉండు, కళ్లజోడు…

ఇక్కడ సంత జరిగినట్టుందే, ఎన్ని ముద్రలో… లిల్లీ పువ్వా?… కిరీటం ఉంది, అంకెలు ఉన్నాయి… ఆ, ఉంది. చిన్న పువ్వు, మూడు రేకులు…

గట్టి ఉక్కు తూటాలు పేల్చి పరీక్ష చేశాకే ఆ పువ్వు కొడతారు, తెలుసు… నాకు తెలుసని నీకూ తెలుసు, అయినా చెప్తావు. చెప్పు, చెప్పు, బాగుంది వినడానికి.

తూటా పట్టే అరా? మూడంగుళాలు… చాలా?… బాతులకి చాలు, భుజానికి ఎక్కువే. సరే.

మూతికి మరలున్నాయి, తిప్పి మార్చుకోవచ్చు. ఇప్పుడు సగం బిగువుది వేసి ఉంది… దాన్ని అలాగే ఉంచాలి, అంతకన్నా బిగించకూడదు. ఆ…

గుళ్లు సీసం కన్నా రెండు సైజులు పెద్దవి వాడాలి. ఉక్కు తేలిక కాబట్టి… మరీ దూరం మీద పేల్చకుండా దగ్గరికి రానివ్వాలి… అవును బావా, ఓపిక కావాలి. అడక్కుండా జనం సంచుల్లో చేతులు పెట్టేవాడు నాకు ఓపిక నేర్పుతున్నాడు. కాలం.

చూశావా, గొంతు మారిపోయింది. ఇందాక జ్వరం వచ్చినవాడిలా మూలిగావు… మారింది. నీకు తెలీదు, నాకు తెలుస్తోంది.

బరువా? పర్వాలేదు. మోకాలి లోతు బురదలో మొయ్యగలిగినంతే… భుజానికి ఎత్తి చూడమంటావా? ఉండు, ఫోను అటు మార్చుకుని… ఏమన్నావు?… ఎత్తాను, ఎత్తాను.

ఊ… చెంపకి ఆనట్లేదు. గొట్టం వంక చూస్తుంటే ఎటో పోతోంది…

కర్ర ఎటు వంగి ఉందా? ఎందుకు, ఏదో వంగి ఉంటుంది, అన్నిటికీ వంపుంటుంది…

ఎటంటే… ఇటు… ఇటంటే…

ఎడమకి.

…

బావా?… ఉన్నావా?…

అవును. నాది కుడి భుజమే. నలభై ఏళ్లుగా నా పక్కనే వేట గుంటలో కూచుంటున్నవాడివి, నీకు తెలీక ఎవరికి తెలుస్తుంది.

సరే, పట్టేశావు. నాకు కాదు… ఇంకెవరికి? ఈ తీరం పొడుగునా ఎడమ భుజం మీద పేల్చే మొండిఘటం నువ్వు కాక ఇంకెవడున్నాడు? ఎడమ చేతివాటానికి వంచిన కర్ర కొట్లోకి రావడమే అరుదట. రాగానే నెవిల్ నీకు ఫోను చెయ్యకుండా నాకు చేశాడు. నీకు చేస్తే పెట్టేస్తావని అతనికీ తెలుసు.

కోప్పడు… వింటున్నాను, కోప్పడు…

ఆ… నాటకం ఆడాను… ఆ, అది కూడా నిజమే… అది మాత్రం అన్యాయం, ఆ పడవ నేను ముంచలేదు, నువ్వు బిరడా పెట్టలేదు.

అయిందా?

మీ నాన్నకి ద్రోహం చెయ్యడమేమిటి? మీ నాన్న యుద్ధం అయ్యాక ఆ తుపాకి కొంటే మీ తాత ఏం చేశాడు? చెప్పు… నువ్వే చెప్పావు నాకు, గుంటలో కూచుని… ఆ. ఆ చలికాలమంతా కొడుకుతో మాట్లాడలేదు. మూతిలోంచి మందు కూరుకునే తుపాకి ఇంట్లో ఉండగా ఈ కొత్త వేషాలేమిటని. బల్ల దగ్గర ఉప్పు కావాలన్నా మీ నానమ్మతో చెప్పించేవాడట…

అంటే ఇది మీ వంశంలో ఉన్న జబ్బు. మీ తాత అలిగాడు, నువ్వూ అలిగావు. మధ్యలో ఒక్క మనిషికి బుద్ధుంది. ఆయన కొట్టుకెళ్లి, అప్పటి తూటాలకి సరిపోయే తుపాకి ఏదో చూసి కొనుక్కున్నాడు.

నవ్వావు… దగ్గు కాదు. నీ దగ్గు నాకు తెలుసు.

ఇంకోటి. లైసెన్సు వదిలేస్తే ఆ తుపాకుల బీరువాలో ఏముంచుతావు, మా అక్క జాడీలా? లైసెన్సు లేనివాడి ఇంట్లో మీ నాన్న తుపాకి మాత్రం ఉండనిస్తారా? పోలీసాయన వచ్చి గుడ్డలో చుట్టి పట్టుకుపోతాడు… ఉబ్బినా సరే, అదీ తుపాకే… ఆలోచించలేదు కదా.

ఊ…

ఊ. వేటకి ఇంకెవరితోనైనా వెళ్లమంటే వెళ్లగలను… క్లబ్బులో చాలామంది ఉన్నారు. అది కాదు…

బావా, ఒక మాట చెప్తాను. తిట్టకుండా విను.

నాకు వినపడట్లేదు…

ఫోను కాదు. చెవి. ఎడమది దాదాపు పోయింది… డాక్టరు చూశాడు. ఇన్నేళ్లూ తుపాకులు చెవి పక్కన పెట్టుకుని పేల్చిన ఫలితమట…

పొగమంచు రోజు గుర్తుందా, పోయిన నవంబరు? సముద్రం పోటొస్తోందని నువ్వు ఈల వేశావు. మళ్లీ మళ్లీ వేశానన్నావు. నేను బాతుల మీద ఆశకొద్దీ కదల్లేదని ఇంటికొచ్చి అక్క ముందు చీవాట్లు పెట్టావు…

నాకు వినపళ్లేదు బావా. నీ కుక్క బ్రాకెన్ వచ్చి కోటు పట్టి లాగింది. నువ్వు పంపావో, అదే వచ్చిందో… నువ్వే పంపావా… లేచి చూస్తే వెనకాల పాయ నిండిపోతోంది. మోకాళ్ల దాకా వచ్చేసింది.

ఎందుకు చెప్పాలి? చెప్తే అక్క నన్ను కరకట్ట ఎక్కనిస్తుందా?

భయమేసింది. ఇప్పటికీ వేస్తుంది.

సెప్టెంబరు సగమయ్యేసరికి ఆ గులాబికాళ్ల బాతులు వచ్చేస్తాయి. చీకట్లో వాటి అరుపు ముందు నీకు వినపడుతుంది. నేను నీ మొహం చూస్తాను. నువ్వు తలెత్తితే నేనూ ఎత్తుతాను. రెండేళ్లుగా అలాగే వేటాడుతున్నాను, నువ్వు గమనించలేదు… గమనించావా?…

గమనించి ఎందుకు అనలేదు?

ఊ…

ఇద్దరం ఇద్దరమే.

అందుకని, నేనేదో దయ తలిచి నీకు తుపాకి వెతికాననుకోకు. నా స్వార్థం నాది. నువ్వు రాకపోతే నేనూ పోలేను. పోతే పోటుకి దొరుకుతాను. అంతే సంగతి…

ఏడవట్లేదు. టీ వేడిగా ఉంది.

నీ బదులు నేను కొనలేను. నీ లైసెన్సు నువ్వే పట్టుకుని, నీ కాళ్ల మీద నువ్వే రావాలి. కొట్టు మూసేదాకా ఎవరికీ చూపించనని నెవిల్ మాటిచ్చాడు. వచ్చి ఒక్కసారి భుజానికి ఎత్తి చూడు. నచ్చకపోతే నెవిల్ మొహం మీదే చెప్పు, నీకు సరదా కదా…

ఆలోచిస్తానంటే మీ ఇంట్లో దాని అర్థమేమిటో నాకు తెలుసు. మా అక్క కొత్త పొయ్యి అడిగి ఎన్నేళ్లయింది, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నావు…

హలో?… బావా?…

నెవిల్, పెట్టేశాడా ఏమిటి? లేదు, లైను ఉంది. ఏదో చప్పుడు…

ఎవరు?… అక్కా. ఏమయ్యాడు?… ఫోను బల్ల మీద పడేసి పోయాడా? కోపంగానా?…

ఎటు?… మెట్ల కిందకి. మెట్ల కింద ఏముంది?… ఇనప బీరువా. లైసెన్సు అందులోనే కదూ. ఆ…

తాళంచెవి దొరక్క నిన్ను తిడుతున్నాడా. మంచిదే. టీ డబ్బాలో ఉందని చెప్పు… నాకెలా తెలుసంటే, ఊరందరికీ తెలుసక్కా. చోటు మార్చండి.

ఇప్పుడేం చేస్తున్నాడు?… ఏ కోటు?… పర్ర కోటా? స్పాల్డింగ్‌కి? ఆగస్టు ఎండలో?…

వద్దు, తియ్యమనకు. బురద ఉన్నా సరే. ఉతకలేదా, జనవరి నుంచీ?… ఉతకనివ్వలేదా. సరే, అలాగే రానీ అక్కా. ఏమీ అనకు.

ఏమిటీ?… వినపళ్లేదు, ఇంకోసారి… ఎవరో అరుస్తున్నారంటున్నావా? ఉండు, ఫోను కుడి చెవికి…

ఆ.

బ్రాకెన్ కదూ… కోటు చూసి గెంతుతోందా…

ఫోను కాస్త దాని దగ్గర పెట్టు. ఒక్క క్షణం పెట్టక్కా…

…

వినపడుతోంది.

వినపడుతోందిలే, చాలు. దాన్నీ బండెక్కించమను. నీ ప్లమ్ బ్రెడ్ ఉంటే రెండు ముక్కలు కట్టివ్వు, జున్నుతో… ఆ, అన్నీ వచ్చాక చెప్తాను. నా చెవి సంగతి కూడా… ఏం చెవి అంటే, చెప్తానన్నాగా. ఉంటాను.

నెవిల్, ఇంకో కప్పు పెట్టు… వస్తున్నాడు. కప్పు పిడి ఎడమవైపుకి తిప్పి పెట్టు.