నీళ్ళు తాగావా

ఇండియానాలో ఒక చిన్న ఊరు. మే నెల చివర. హైస్కూలు జిమ్‌లో, అదే స్కూల్లో చరిత్ర చెప్పే తండ్రి బాస్కెట్‌బాల్ రింగు కింద నిలబడి బంతి అందిస్తున్నాడు. కాలేజీ నుంచి వచ్చిన కొడుకు వేస్తున్నాడు.

"మోచెయ్యి బయటికి పోతోంది."

"పోవట్లేదు."

"పోతోందిరా వెస్. నాకిక్కణ్ణుంచి కనిపిస్తోంది."

"బంతి లోపలికి వెళ్ళింది కదా నాన్నా. వెళ్ళాక మోచెయ్యి ఎక్కడుంటే ఏంటి?"

"ఇంకోటి వెయ్యి. ఈసారి ఆ మూల నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి."

"ఇక్కణ్ణుంచే వేస్తాను."

"వచ్చినప్పట్నుంచీ ఆ గీత దగ్గరే పాతేసినట్టు నిలబడ్డావు."

"చీలమండ కొంచెం పట్టేసింది. బంతివ్వు."

"ఏ కాలు?"

"కుడి. కాదు, ఎడమ. నాన్నా, బంతివ్వు."

"ఏ కాలో తెలియని నొప్పేంట్రా అది? ఇదిగో."

"టైమెంతయింది?"

"నాలుగు దాటింది. గడియారం నీ వెనకే ఉంది."

"అది ఎప్పుడూ తప్పే చూపించేది కదా."

"బాగుచేయించారు. ఐదింటికి గడువు, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఐదింటిలోపు క్లబ్బుల ఎంపిక జాబితాలోంచి నీ పేరు వెనక్కి తీసుకుంటే కాలేజీలో ఇంకో ఏడాది ఆడొచ్చు. తీసుకోకపోతే నువ్వు ప్రొఫెషనల్‌వి. జూన్‌లో ఏదో ఒక క్లబ్బు నిన్ను ఎంచుకుంటే ఎంచుకుంటుంది, లేకపోతే లేదు. ఎవరూ ఎంచుకోకపోయినా కాలేజీ ఆట మాత్రం అయిపోయినట్టే."

"నాకు పాఠం చెప్పకు. అవన్నీ నేనూ చదివాను."

"చదివి?"

"చదివి ఇక్కడికొచ్చాను."

"వచ్చి బంతి వేస్తున్నావు."

"నువ్వు అందిస్తున్నావు."

"పొద్దున్నే వచ్చావట. మీ అమ్మ చెప్పింది. ఇంట్లోంచి గరాజుకి, గరాజులోంచి ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నాడు, రెండు ముద్దలు కూడా తినలేదు అంది."

"ఆకలి లేదు."

"నీకా? ఆకలి లేదా?"

"నవ్వకు నాన్నా."

"నవ్వట్లేదు. ఇంతకీ షికాగోలో ఏమన్నారు? క్లబ్బుల వాళ్ళందరూ వచ్చారన్నావు. ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి పెట్టేశావు."

"ఎడమ చెయ్యి బలహీనం అన్నారు."

"అది నేను నీ పదేళ్ళప్పుడే చెప్పాను. అందుకు షికాగో దాకా వెళ్ళాలా? ఇంకేమన్నారు?"

"పొడుగు కొలిచారు. ఎగరమన్నారు. ఏవో పరీక్షలు చేశారు. మాట్లాడారు. కూర్చోమన్నారు, లేవమన్నారు. పశువుల సంతలా ఉంది."

"తీసుకుంటారా లేదా?"

"ఊరంతా ఏమంటోంది?"

"ఊరిని ఎందుకు అడుగుతావు?"

"ఊరికే. చెప్పు."

"మంగలి క్లీట్ వెళ్ళిపొమ్మంటున్నాడు. వచ్చే ఏడాది కాలు విరిగితే ఎవడు చూస్తాడని వాడి వాదన. పెట్రోలు బంకులో వెర్నా ఉండమంటోంది. పాస్టరుగారు నీకోసం ప్రార్థన చేశార్ట. దేవుడు ఏమన్నాడో మాత్రం ఆయన చెప్పలేదు."

"క్లీట్ చెప్పింది నిజమే కదా."

"క్లీట్‌కి నేను రెండేళ్ళు వరసగా సున్నా వేశాను. అంతర్యుద్ధం ఎవరెవరి మధ్య జరిగిందంటే మెక్సికో అని రాశాడు."

"జుట్టు బాగా కత్తిరిస్తాడు."

"అందుకే జుట్టు గురించి వాణ్ణి అడుగుతాను."

"మరి నువ్వేమంటావు?"

"నేననేది ఏడాదిగా ఒకటే."

"మళ్ళీ చెప్పు."

"ఎందుకు? నేను నోరు తెరిస్తే తలుపు వేసుకునేవాడివి."

"ఈరోజు వెయ్యను. చెప్పు, వింటాను."

"ఉండిపో అంటాను. చదువు ఇంకో ఏడాదిలో అయిపోతుంది. చేతిలో డిగ్రీ ఉంటుంది. అక్కడ నీమీద పడేవాళ్ళు ముప్ఫై ఏళ్ళ మగాళ్ళు, పెళ్ళిళ్ళై పిల్లలున్నవాళ్ళు. నీ భుజాలు ఇంకా కుర్రాడి భుజాలు. ఎడమ చేతి సంగతి వాళ్ళే చెప్పారు."

"ఇంకా?"

"ఇంకా ఏంటి, చాలవా?"

"ఇవన్నీ కోచ్‌లు చెప్పేవి నాన్నా. నువ్వు చెప్పేది ఇంకోటుంది."

"మీ అమ్మ సంగతి. ఆఖరి ఏడాది, కాలేజీలో చివరి ఆట రోజు తల్లినీ తండ్రినీ కోర్టు మధ్యకి పిలుస్తారు కదా. నువ్వు మధ్యలో, మేం చెరో పక్క. అమ్మ చేతికి పూలు ఇస్తారు. ఆవిడ దానికి ఏ రంగు గౌను వేసుకోవాలో కూడా అనుకుంది. నీకు చెప్పొద్దంది."

"చెప్పేశావు."

"చెప్పేశాను. మనకి ఒకసారి ఆ అవకాశం రాకుండా పోయింది. మీ అన్నయ్యకి అది... సరే. బంతి పట్టు."

"ఆఖరి ఆటకి ఇంకా చాలా నెలల టైముంది నాన్నా."

"ఉంది. ఆవిడకి లేదు. ఆవిడ మనసులో రేపే."

"ఇది కూడా కాదు. నువ్వు చెప్పనిది ఇంకోటి ఉంది."

"నువ్వు పోలీసువి అయ్యావా?"

"నువ్వు నా ప్రతి ఆటకీ వచ్చి ఎక్కడ కూర్చుంటావు?"

"బల్లల చివర. మీ జట్టు బెంచీ వెనక."

"అందరూ మధ్యలో కూర్చుంటారు. అక్కణ్ణుంచి ఆట బాగా కనిపిస్తుంది. నీకు బెంచీ వెనక ఎందుకు?"

"నీకు తెలుసు ఎందుకో."

"తెలుసు. విరామం ఇచ్చినప్పుడల్లా నేను సీసా ఎత్తానా లేదా అని చూస్తావు. ఎత్తకపోతే వెనక నుంచి పిలుస్తావు. ఇరవై ఒక్క ఏళ్ళ వాణ్ణి. టీవీలో పడింది ఒకసారి, నువ్వు నీళ్ళు నీళ్ళు అని చెయ్యి ఊపడం. మావాళ్ళు నెల రోజులు అదే ఊపారు నన్ను చూసి."

"ఊపుకోనీ."

"రోజూ పొద్దున్న ఫోన్‌లో మెసేజీ. నీళ్ళు తాగావా. పరీక్ష రోజూ అదే, పుట్టినరోజునాడూ అదే. శుభాకాంక్షలు కూడా కాదు, నీళ్ళు తాగావా."

"తాగావా మరి?"

"తాగాను నాన్నా. ప్రతిసారీ తాగాను."

"నువ్వు ఏ యూటా క్లబ్బుకో పోతే, వాళ్ళు ఏ టర్కీకో పంపిస్తే, అక్కడ ఎవడు చూస్తాడు? డబ్బు పడేసి పరుగెత్తు అంటారు. ఇక్కడైతే నేను కారెక్కితే గంటలోపు నీ దగ్గరుంటాను. ఇది నా పిరికితనం అనుకుంటే అనుకో."

"పిరికితనం అన్లేదు."

"మీ అన్నయ్య పోయినప్పుడు నేను ఈ బడిలోనే ఉన్నాను. పై అంతస్తులో. పుస్తకాలు సర్దుతున్నాను. కిటికీ తెరిచి తల బయటపెడితే పిల్లలు పరిగెత్తే ట్రాక్ కనిపిస్తుంది. నేను తెరవలేదు, బయట వేడిగా ఉందని."

"నాన్నా."

"అంత ఎండలో నీళ్ళివ్వకుండా పిల్లల్ని పరిగెత్తించిన ఆ కోచ్ ఈ ఊళ్ళోనే హాయిగా గడ్డి కోసే మిషన్లు అమ్ముకుంటున్నాడు."

"బ్రానిగన్ సార్ నీళ్ళిచ్చారు నాన్నా."

"ఆ పేరు నా ముందు ఎత్తకు."

"ఇచ్చారు. నేనక్కడే ఉన్నాను. అన్నయ్య వెనకే పరిగెత్తుతున్నాను."

"నీకప్పుడు పదిహేనేళ్ళు. నీకేం గుర్తుంటుంది?"

"అన్నీ గుర్తున్నాయి. చెట్టుకింద డబ్బా పెట్టారు. రెండు చుట్లకోసారి ఆపారు. నోలన్ తాగాడు. తాగి నా నెత్తిమీద పోశాడు."

"వెస్లీ."

"సరే. సరే, ఎత్తను."

"ఆయన మన ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి ఏడిస్తే నేను తలుపు వేశాను. అప్పుడు నీకు చెప్పలేదు. ఇప్పుడు కూడా తెరవను."

"చూశాను నేను. మెట్లమీద కూర్చుని."

"చూశావా?"

"ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు."

"నిలబడనీ. బంతి వెయ్యి."

"డాక్టర్లు కోసి చూస్తామన్నారు కదా అప్పుడు?"

"ఎందుకివన్నీ ఇప్పుడు? టైము చూశావా?"

"చెప్పు నాన్నా."

"అడిగారు. మీ అమ్మ వద్దంది. వాడి ఒంటిమీద ఇక కత్తి పెట్టొద్దంది. కౌంటీ తరఫున వచ్చినాయన చూసి ఎండదెబ్బ అన్నాడు. చూస్తే తెలుస్తూనే ఉంది కదా అన్నాడు. ఆరోజు రోడ్డు మీద తారు కరిగిపోయింది."

"అంతేనా?"

"ఇంకేం కావాలి? బంతి వెయ్యవేం?"

"కాసేపు ఆగుదాం."

"తినకపోతే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? కారులో మీ అమ్మ పంపిన సాండ్‌విచ్ ఉంది, పంది మాంసం వేయించి పెట్టింది. తెస్తాను ఉండు."

"వద్దు. వెళ్ళకు. ఇక్కడే ఉండు."

"ఏరా? ఏమయింది నీకు?"

"ఏం కాలేదు. మాట్లాడు."

"నేను మాట్లాడాల్సింది మాట్లాడేశాను. ఇప్పుడు నిజం చెప్తాను, విను. దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. నువ్వు చిన్నప్పుడు ఈ నేలమీదే, మీ అన్నయ్య ఆడుతుంటే పక్కన బంతితో ఒక్కడివే ఆడుకునేవాడివి. ఎవరో ఏమవుతావురా అంటే, నోలన్‌ని చూపించి అదవుతాను అన్నావు. వాడు కాలేకపోయింది నువ్వు అవుతున్నావు. అడ్డం నిలబడి నేను నీ చెయ్యి పట్టుకోవడం తప్పు. తండ్రిగా తప్పు, టీచరుగా ఇంకా తప్పు."

"నాన్నా, ఆగు."

"ఆగితే మళ్ళీ చెప్పలేను. వెళ్ళు. పేరు అలాగే ఉంచెయ్. మీ అమ్మకి నేను చెప్తాను. గౌను సంగతి కూడా నేనే చూసుకుంటాను, నువ్వు ఏ ఊళ్ళో మొదటి ఆట ఆడితే ఆ ఊరికి వేసుకొస్తుంది. నేను బెంచీ వెనక కూర్చోను. పైన ఎక్కడ టికెట్ దొరికితే అక్కడే కూర్చుంటాను."

"నేను పొద్దున్నే ఉత్తరం పంపేశాను."

"ఏ ఉత్తరం?"

"పేరు వెనక్కి తీసేసుకున్నాను. ఇక్కడికి రాకముందే."

"తీసేసుకున్నావా?"

"ఆఁ."

"మరి ఇంతసేపూ నాతో... ఒరే వెస్. నేను ఇంత కష్టపడి వెళ్ళమని చెప్పాక అంటావేంట్రా ఆ మాట? సరే. సరే, మంచిదే. నాకేం, నాకు సంతోషమే. మీ అమ్మకి ఫోన్ చెయ్యి. కాదు, నేను చేస్తాను."

"ఫోన్ పెట్టెయ్ నాన్నా. కాలేజీ కోచ్‌కి కూడా చెప్పేశాను."

"వస్తానని."

"రానని."

"రాననా?"

"ఆడనని చెప్పాను. అక్కడా కాదు, ఇక్కడా కాదు."

"నాకు అర్థం కావట్లేదు."

"షికాగోలో అందరికీ చేసినట్టే నాకూ గుండె పరీక్ష చేశారు. ఛాతీ మీద వైర్లు అతికించి, కదిలే బెల్టు మీద పరిగెత్తించారు. కాసేపటికి ఆపేశారు. మిగతా కుర్రాళ్ళు అందరూ భోజనానికి వెళ్ళారు, నన్ను ఉండమన్నారు. ఇంకో డాక్టరొచ్చింది, పెద్దావిడ. మళ్ళీ అంతా మొదట్నుంచీ చేసింది. గుండె కొట్టుకునే తీరులో తేడా ఉందంది. మామూలుగా ఉన్నప్పుడు ఏమీ తెలీదట. పరిగెత్తితే ఒక్కోసారి ఆగిపోతుందట."

"ఆగిపోవడమేంటి?"

"ఆగిపోవడమే."

"వాళ్ళు పొరపాటు పడుంటారు. మనం ఇండియానాపోలిస్ వెళ్దాం. అక్కడ..."

"వెళ్ళాను. నిన్న. అదే చెప్పారు. మందులున్నాయి, బతకొచ్చు, పని చేసుకోవచ్చు. పరుగు మాత్రం వద్దు."

"నిన్న ఒక్కడివే వెళ్ళావా?"

"ఒక్కణ్ణే."

"చేతులు ఇటివ్వు. ఇటివ్వరా. కూర్చో, ఇక్కడ కింద కూర్చో. మూడేళ్ళు ఆడావు కదరా అలాగే. నా కళ్ళముందే ఆడావు."

"నువ్వు ఉండమన్నట్టు ఉండిపోయుంటే ఎవరూ పరీక్ష చేసేవాళ్ళు కాదు నాన్నా. కాలేజీలో గొట్టం పెట్టి విని పంపేసేవారు."

"మీ అమ్మకి తెలుసా?"

"నీకే మొదట. చెప్దామనే వచ్చాను. నువ్వు మోచెయ్యి గురించి మొదలుపెట్టావు. కొంచెంసేపు అలాగే ఉంటే బాగుండు అనిపించింది, నువ్వు ఉండమంటూ, నేను వెళ్తానంటూ."

"ఇది ఎలా వచ్చింది నీకు?"

"ఇళ్ళల్లో వస్తుందట. పుట్టుకతో. నిన్నూ అమ్మనీ కూడా రమ్మన్నారు, చూడాలట."

"మన ఇంట్లో ఎవరికీ గుండె జబ్బు లేదు. మా నాన్న తొంభై దాకా బతికాడు. చెప్పలేకపోయావా వాళ్ళకి?"

"చెప్పాను. చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళున్నారా అని కూడా అడిగింది ఆవిడ."

"నోలన్ సంగతి చెప్పావా?"

"చెప్పాను. నువ్వు చెప్పేదే చెప్పాను. ఆగస్టు, ఎండదెబ్బ, కోచ్ నీళ్ళివ్వలేదు అని."

"ఏమంది?"

"రాసుకుంటున్నది ఆపి అడిగింది నాన్నా, మిగతా పిల్లలందరూ ఆరోజు బాగానే ఇంటికి వెళ్ళారా అని."