హనుమండ్లు బుధవారం వరస

ఏంది పర్శరాములూ, ఏ పాట మొదటికొస్తదో ఫోన్ల గూడ చెప్తున్నరా ఇప్పుడు? చెప్పనియ్యి. చెప్పేటోళ్ళు ఎప్పుడూ ఉంటరు. పందొమ్మిది వందల యాభై ఎనిమిది, ఆగస్టు పదమూడు, బుధవారం. నాలుగు రోజులు ముసురు పట్టి, ఆ పొద్దు పగటీలి జర తెరపిచ్చింది. గాలి లేదు. మబ్బు నల్లగనే ఉంది గని వాన లేదు, చూరు నీళ్ళు మాత్రం చుక్కచుక్క కారుతనే ఉన్నయ్. తారీఖు అంత గట్టిగ ఎట్ల యాదికుందంటవా? రెండు రోజులైతే జెండా పండుగ. బడిపిల్లలు చేసిన కాగితం జెండాలు మెత్తబడితే తెచ్చి మా అరుగు మీద ఆరబెట్టిన్రు. అందుల ఒకటి కొమురెల్లి బిడ్డ అనసూర్యది. ఆరేండ్ల పిల్ల. ఆకుపచ్చ రంగు పైన పెట్టింది, తలకిందులు. సరే, ఆ సంగతి తర్వాత.

హనుమండ్లు మా ఊరి చాయ్ హోటల్ ఆయన. హైదరాబాదుల ఏదో హోటల్ల కప్పులు కడిగి, కడిగి, విసుగొచ్చి ఊరికి తిరిగొచ్చిండు. వచ్చేటప్పుడు ఒక రేడియో తెచ్చిండు. మా దగ్గర కరెంటు ఎక్కడిది? బ్యాటరీ మీద నడిచేది. అది అయిపోతే నెత్తిన పెట్టుకొని వాగు దాటి ఆసిఫాబాదు పోయి నింపుకచ్చేది. మా ఊరికి ఆసిఫాబాదుకు నడుమ ఆ వాగే. వంతెన లేదు అప్పుడు. బజారు అవతల, కచేరి అవతల, దవాఖాన అవతల. ఇవతల మేము, మా ఎడ్లు, హనుమండ్లు రేడియో. నేను అప్పుడే బి.ఏ. పాసై కొలువు కాయితం కోసం చూసుకుంట ఇంటికాడ కూసున్న. పని లేదు గనుక దినాం ఆ హోటల్లనే ఉండేది. పొద్దుగూకితె ఇక కథే వేరు. బుధవారం అయితే ఊరంత అక్కడనే.

బుధవారం ఏముండేదంటే, సముద్రం అవతలి దీవి నుంచి హిందీ సినిమా పాటల వరస వచ్చేది. కింది మెట్టు కాడి నుంచి ఒక్కొక్క పాట ఎక్కుకుంట ఆఖరుకు పై మెట్టు. చెప్పేటాయన గొంతు, అబ్బ, బెల్లం పానకం తీరు. గా ఆయనకు ఒక సోకు ఉండె. ఆఖరుకు నవ్వుకుంట, 'వచ్చే బుధవారం ఫలానా పాట అన్నిటిని దాటి పైకొస్తది, రాకుంటే నన్ను అడగండి' అనేది. సగం సార్లు రాకపోయేది. వీళ్ళు పోయి అడిగేదెక్కడ? ఆయన అటు అనంగనే హనుమండ్లు ఇటు బల్ల ఎక్కి, 'రాదు. పడిపోతది' అనేది. పడిపోయేది. ఎట్ల తెలిసింది హనుమండ్లూ అంటే, 'పాట ముక్కుల నుంచి వస్తుంది, పైకెట్ల పోతది' అనేది. అందరు నవ్వేది. నిజం చెప్పన్నా? హనుమండ్లు చెప్పినవి గూడ సగం తప్పినయ్. తప్పినవి ఎవరు యాదుంచుకున్నరు? ఒప్పినవి మాత్రం పక్క ఊరికి గూడ పోయినయ్. 'రేడియో ఆయన మాట తప్పుతది గని మా హనుమండ్ల మాట తప్పది' అని.

ఇగ రేడియో బందు కాంగనే హనుమండ్లు వరస మొదలు. అదే గొంతు, అదే నవ్వు. 'ఈ వారం ఐదో మెట్టు మీద పోశవ్వ మేక. పోయిన వారం రెండో మెట్టు మీదుండె, పటేలు పెరట్ల దొరికింది గనుక కిందికి జారింది. నాలుగో మెట్టు మీద గంగుబాయి కోడలు కోపం. పై మెట్టు మీద, ఎండకాలం నుంచి దిగకుండ, మన బడి పంతులు రాకపోవుడు.' గంగుబాయి అక్కడనే ఉండి, 'నీ నోట్ల మన్ను వడ, నా కోడల్ని రేడియోల పెడుతవా' అని తిట్టేది, తిట్టి మల్ల చాయ్ అడిగేది. నవ్వులాటకు మొదలైందే. నవ్వులాట ఎక్కడ ఆగాల్నో ఎవరికి తెలుస్తది? ఒకనాడు లస్మవ్వకు మొగపిల్లగాడు పుడుతడన్నడు, పుట్టిండు. బాలమల్లు బర్రె తప్పిపోతే శుక్రవారంకల్ల వస్తదన్నడు. బర్రెకు ఇల్లు తెలువదా, వచ్చింది. అప్పటి నుంచి జనం నిజంగనే అడుగుడు షురూ చేసిన్రు. నాట్లెయ్యాల్నా, ఆగాల్నా. కోర్టుల కేసు గెలుస్తనా, ఓడుతనా. మొదట్ల హనుమండ్లు సిగ్గుపడేది. 'నాకేం తెలుసురా' అనేది. తర్వాత తర్వాత అనలే. కప్పులు కడిగి, కడిగి వచ్చినోడు. పదిమంది నోరు చూసుకుంట కూసుంటే ఎవరికి తియ్యగుండది?

ఆ పదమూడో తారీఖు బుధవారం పొద్దుగూకినంక రేడియో ఆయన ఒక ఈల పాట ఏసి, అది వచ్చే వారం పై మెట్టు ఎక్కుతదన్నడు. హనుమండ్లు ఎప్పటి తీరుగనే బల్ల ఎక్కి, 'ఎక్కుడు కాదు, వరసల్నే ఉండది' అన్నడు. సప్పట్లు. అప్పుడే కొమురెల్లి వచ్చిండు. వెనక పెండ్లాం కిష్టవ్వ, గొంగడిల చుట్టి అనసూర్యను భుజానేసుకొని. పిల్లకు మూడు రోజుల నుంచి జరం, కండ్లు తేలేస్తుంది. బెస్త అంతయ్య గూడ పాటలకు వచ్చి అక్కడనే ఉన్నడు, వాగు మీద తెప్ప నడిపేది ఆయనే. కిష్టవ్వ సీదా ఆయన దగ్గరకే పోయింది. 'అన్నా, దాటియ్యి. దవాఖానకు తీస్కపోత' అన్నది. అంతయ్య కందిలి దీపం అందుకొని లేచిండు. 'నీళ్ళు నడుము బంటికి దిగినయ్. కందిలి పట్టుకుంటె ఇప్పుడైతే దాటిస్త. పైన మల్ల వాన పడితే రేపటి సంగతి నేను చెప్పలేను' అన్నడు. కొమురెల్లికి మాత్రం ధైర్యం చాలలే. చీకటి, వాగు, చేతుల పిల్ల. పాపం, ఆయనది గూడ తప్పని అనలేము. బల్ల మీదున్న హనుమండ్లు దిక్కు చూసి, 'అన్నా, నువ్వు చెప్పు. పోవాల్నా, తెల్లారేదాక చూడాల్నా' అన్నడు.

కిష్టవ్వ, 'ఆయన్ని అడుగుడేంది, నడువు' అని చెయ్యి పట్టి గుంజింది. గుంజింది, నేను చూసిన. గని అందరి మొకాలు హనుమండ్లు దిక్కే తిరిగినయ్. అప్పుడు ఆయన బల్ల దిగి పిల్ల నొసటి మీద చెయ్యి పెడితే అయిపోతుండె. దిగలే. ఆ రేడియో గొంతుతోనే అన్నడు. 'ఐదో మెట్టు మీద అనసూర్య జరం. కొత్తగ వచ్చింది. రేపటికి మూడుకు రాదు, రెండుకు రాదు. వచ్చే బుధవారం వరసల్నే ఉండదు.' జనం నవ్విన్రు. ఆ పిల్ల గూడ గొంగడిల నుంచి తల లేపి చూసి కొద్దిగ నవ్వింది. కొమురెల్లి బరువు దిగినట్టు ఊపిరి తీసిండు. 'ఇగో విన్నవా, తెల్లారినంక పోదాం తియ్యి' అన్నడు కిష్టవ్వతోని. అంతయ్య కందిలి కింద పెట్టిండు. కిష్టవ్వ గొంగడి మల్ల పిల్ల నెత్తి మీదికి గుంజింది. తర్వాత ఆమె గూడ పోయింది ఇంటికి.

తెల్లారకముందే వాన. అటువంటి ఇటువంటి వానగాదు. వాగు ఈ ఒడ్డు ఆ ఒడ్డు ఒక్కటైంది. గురువారం అంతయ్య రెండు మార్లు తెప్ప దించి చూసిండు, రెండో మారు తెప్పే కొట్టుకపోయింది, ఆయన చెట్టు కొమ్మ పట్టుకొని బతికిండు. శుక్రవారం జెండా ఎగరేసేటోడు లేడు, పంతులు అవతలనే ఉండిపాయె. శనివారం పొద్దున పిల్ల పోయింది. హనుమండ్లు ఆ మూడు రోజులు హోటల్ తియ్యలే. కొమురెల్లి ఇంటి ముందర తడుసుకుంట నిలబడేది, లోపలికి రమ్మని ఎవరూ అనలే, పొమ్మని ఎవరూ అనలే. నా అరుగు మీది జెండాలు పిల్లలు తీసుకపోయిన్రు. ఒక్కటి మిగిలింది. దాన్ని నేనేం చేసిన్నో, ఏమో, ఇప్పుడు యాదికి లేదు.

మల్ల బుధవారం వచ్చింది. వానలు తగ్గినయ్. జనం అలవాటున వచ్చి కూసున్నరు. హనుమండ్లు పొయ్యి కాడ తల వంచుకొని కూసున్నడు, రేడియో ముట్టలే. బాలమల్లే తిప్పిండు. ఆ బెల్లం గొంతు వచ్చింది. పాటలు ఒక్కొక్కటి వచ్చినయ్, ఈల పాట ఎక్కడా రాలే. ఆఖరుకు ఆయన గల్లున నవ్వి, 'పోయిన వారం నేను పైకొస్తదన్న పాట ఈ వారం వరసల్నే లేదు. నా అంచనా తప్పింది, మాఫ్ చెయ్యండి' అన్నడు. ఎవడో తెలివి లేనోడు, 'ఇగో, మల్ల హనుమండ్లే గెలిచిండు' అని సప్పట్లకు చేతులు లేపి అట్లనే ఆగిపోయిండు. గుంజకు ఆనుకొని కొమురెల్లి నిలబడి ఉన్నడు. ఎప్పుడొచ్చిండో ఎవరూ చూడలే. మెల్లగ అన్నడు. 'హనుమండ్లన్నా. నువ్వు గూడ అను. మాఫ్ చెయ్యిమని. ఆయన అన్నట్టే, నవ్వుకుంట అను. అందరు నవ్వుతరు.'

హనుమండ్లు నోరు తెరిచిండు. ఏ గొంతుతోని అంటడు, చెప్పు. ఉన్న ఒక్క గొంతు అది. కొమురెల్లిని తీస్కపోదామని కిష్టవ్వ వచ్చింది, వచ్చి మొగని దిక్కు చూసి ఒక్కటే మాట అన్నది. 'ఆయన్నేమంటవ్. అడిగింది నువ్వు.' అంతే. దసరా పోయినంక ఆమె వాంకిడిల తల్లిగారింటికి పోయింది, మల్ల రాలే. కొమురెల్లి కొన్నొద్దులు బెస్తోళ్ళ ఎంబడి తిరిగిండు, తర్వాత ఎటో బొగ్గుబాయి పనికి పోయిండన్నరు.

హనుమండ్లు తొమ్మిదేండ్లు బతికిండు తర్వాత. చాయ్ పోసిండు, కప్పులు కడిగిండు. ఆ బల్ల మాత్రం ఎక్కలే. ఎవరన్న బర్రె తప్పిపోయిందని అడిగినా, పెండ్లి కుదురుతదా అని అడిగినా ఒక్కటే జవాబు, 'వాగు దాటు, దవాఖానకు పో.' పిచ్చి పట్టిందన్నరు. పట్టలే. అరవై ఏడు ఎండకాలంల పోయిండు. వాగుల చుక్క నీరు లేదు, ఇసుకల నడిచి దవాఖానకు మోసుకపోయిన్రు, అయినా పానం ఆగలే. పిల్లలు లేరు. పోయే ముందర తమ్ముడు మల్లన్నను పిలిచి, రేడియో అమ్మి వాగు మీద ఒక పడవ పెట్టుమన్నడు, ఎవ్వరొచ్చినా పైసలు తీసుకోకుండ ఊకెనె దాటియ్యాల్నన్నడు. నేను అక్కడనే ఉన్న. మల్లన్న సరే అన్నడు. హోటల్ జాగ మల్లన్నకొచ్చింది. రేడియో మల్లన్న అల్లుడు మంచిర్యాలకు ఎత్తుకపోయిండు. బల్ల బాలమల్లు తీసుకున్నడు, దాని మీదనే వడ్లు ఆరబోసేది. కిష్టవ్వకు కబురు గూడ పోలే. వాగుకు పడవ రాలే.

ఆ ఫోన్ల పాట జర ఆపు పర్శరాములూ.