ఐదు నిమిషాల పని

సైట్ల మాస్టారు టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఎదుటివాళ్ళ టీ చల్లారిపోవాల్సిందే. వెబ్‌సైట్లు కట్టడం ఆయన వృత్తి, కట్టినవాటి గురించి కోతలు కొయ్యడం ఆయన సరదా. పొద్దస్తమానం గదిలో ఒంటరిగా తెర ముందు కూర్చునే మనిషికి, సాయంత్రం ఇద్దరు నోరు తెరుచుకుని వింటే ప్రాణం లేచొస్తుంది. ఆ రోజు కళ్ళజోళ్ళ షాపాయనా, కొరియరాయనా దొరికారు.

"చిన్న పనేనయ్యా," అని మొదలెట్టాడు. "ఓ ఇనప సామాన్ల కంపెనీ. వాళ్ళ సైట్‌లో పెద్ద విభాగం పేరు పైన రావాలి, దాని పిల్ల విభాగాలు కింద, కాస్త లోపలికి జరిగి రావాలి. పైన 'పైపులు', కింద 'వంపు పైపులు', 'సన్న పైపులు'. అంతేగా? అక్కడేమో అన్నీ కలగాపులగం! మేకులెళ్ళి తాళాల పక్కన కూర్చున్నాయి. నలభై మంది ఇంజనీర్లు తలలు పట్టుకున్నారు."

"మొన్న పన్నెండు మందన్నారు," అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన.

"మిగతావాళ్ళు అప్పటికి సెలవులో ఉన్నారు, అడ్డు రాకు. నేను చొక్కా చేతులు మడిచి, పేజీలన్నిటికీ అచ్చులాంటి టెంప్లేట్‌లో ఒక్క లైను రాశాను. ముందు తల్లి విభాగాన్ని పిలు, తర్వాత దాని పిల్లల్ని పిలు, అంతే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? సైటు ఎంత చక్కగా సర్దుకుందంటే, దాన్ని చూసి గోడౌన్‌లో సామాను కూడా సర్దుకుంది. నట్లు దొర్లుకుంటూ వెళ్ళి బోల్టుల కింద చేరాయి. వాచ్‌మన్ కళ్ళారా చూశాడు."

"కళ్ళజోడు పెట్టుకునేనా?"

"నీ దగ్గర కొన్నది కాదులే, అందుకే కనిపించింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బయట రోడ్డు మీద లారీలు ముందు, వాటి వెనక వ్యాన్లు, వాటి వెనక స్కూటర్లు, ఒక్క హారన్ లేదు!"

కొరియరాయనకు ఫోనొచ్చింది. "మిగతాది వచ్చి వింటా, ఆపకండి," అంటూ పరుగెత్తాడు. మాస్టారు ఆపితేగా!

"తలెత్తి చూద్దును కదా, ఆకాశంలో పెద్ద మబ్బు పైన, దాని కింద పిల్ల మబ్బులు, కాస్త లోపలికి జరిగి..."

"మబ్బులు కూడా సర్దుకున్నాయా అన్నయ్యా?"

మాస్టారు గిరుక్కున తిరిగాడు. వెనక చెల్లెలు నిలబడి ఉంది. ఇంట్లో మిషన్ మీద సంచులు కుట్టి అమ్ముకునే మనిషి. ఆమెకు సైటు కట్టిచ్చిందీ, తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చిందీ మాస్టారే.

"మరి నా సంచులెందుకు సర్దుకోలేదు?" అంది. గొంతులో కోపం లేదు, అదే ఆయన్ని భయపెట్టింది. "నువ్వు చెప్పినట్టే ప్రతి సంచినీ పిల్ల విభాగంలో పెట్టాను. పేజీలో మాత్రం 'సంచులు' అని పెద్ద పేరు ఒక్కటే కనిపిస్తుంది. భుజం సంచులూ, టిఫిన్లు పెట్టుకునే డబ్బా సంచులూ దాని కింద రానే రావు. చూసినవాళ్ళు ఏమీ లేవనుకుని వెళ్ళిపోయారు. ఎనిమిది నెలల్నుంచి అడుగుతున్నా. అడిగినప్పుడల్లా 'అదెంత పని, ఐదు నిమిషాలు' అన్నావు."

మాస్టారికి తప్పెక్కడుందో మొదటి రోజే తెలుసు. చెల్లెలి పనే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుని బయటివాళ్ళ పనులన్నీ ముందు చేశాడు.

ఆమె భుజాన ఉన్న సంచి తీసి బల్ల మీద పెట్టింది. నీలం గుడ్డ, రెండు వరసల కుట్టు. "నీ ల్యాప్‌టాప్. మిషన్ పక్కింటి వదినకిచ్చేశాను. సోమవారం నుంచి మందుల కంపెనీలో ప్యాకింగ్‌కి వెళ్తున్నా."

"ఒక్క నిమిషం కూర్చోమ్మా," అన్నాడు మాస్టారు. ల్యాప్‌టాప్ తెరిచి, టీ కొట్టాయన ఫోన్‌లోంచి నెట్ తీసుకుని, టెంప్లేట్‌లో ఆ లైను రాశాడు. నిజంగానే ఐదు నిమిషాలు పట్టలేదు. పేజీ తెరుచుకుంది. పైన 'సంచులు'. కింద, కాస్త లోపలికి జరిగి, 'భుజం సంచులు', 'డబ్బా సంచులు'. ఒక్కోదాని పక్కన సున్నా.

"పొద్దున్నే సైట్లోంచి సంచులన్నీ తీసేశాను," అంది చెల్లెలు. వంగి కాసేపు తెర వంక చూసింది. "బాగుంది అన్నయ్యా. ఇలాగే ఉంటుందనుకునేదాన్ని."

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు చూస్తూనే ఉన్నాడు.

ఇంతలో కొరియరాయన రొప్పుతూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. "చెప్పండి మాస్టారూ, ఆ తర్వాత ఏమైంది?"

మాస్టారు నీలం సంచిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఏమీ కాలేదయ్యా. ఐదు నిమిషాల పని, ఎనిమిది నెలలు నేను చెయ్యలేదు."