ఐదో రోజు రొట్టె

ఒకటే రొట్టె. తినేవాళ్ళు నలభై ఇద్దరు పిల్లలు, ఒక బస్సు డ్రైవరు, ఒక ట్రాఫిక్ పోలీసు. అందరి కడుపులూ నిండాక ఇంకా సగం మిగిలింది. అయితే ఆ రొట్టె పొడవెంత, ఎవరు చెబుతారర్రా?

పెద్దవాడు వేళ్ళు మడవబోయాడు. చిన్నది మాత్రం, "అమ్మమ్మా, అది లెక్క కాదు, కోత" అంది. ఆరేస్తున్న బట్టలు బకెట్లోనే వదిలి, కోతో కాదో విన్నాక తేల్చండి అన్నాను. పక్కన వాలుకుర్చీలో మీ తాతయ్య పేపరు చదువుకుంటున్నారు, ఆయన్ని కదపకండి.

మేం పరాయి దేశం వెళ్ళిన మొదటి వారం. మీ తాతయ్య ఫ్యాక్టరీలో ఫిట్టరు, నేను బడిలో లెక్కల టీచర్ని. నెల రోజులు చూసి నచ్చితేనే ఉద్యోగం, ఒక్కరోజు గంట కొట్టాక వెళ్ళినా ఇంటికే అని ముందే చెప్పారు. బడిలో ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేదాన్ని. వీధిలోకొస్తే వాళ్ళ మాట ఒక్కటీ రాదు, స్టాపుల పేర్లకి నోరు తిరగదు. లెక్కల టీచర్ని, పేర్లతో నాకేం పని, అంకెలు చాలు అనుకున్నాను. బస్సు పదకొండోసారి ఆగితే మా బడి. నాలుగు రోజులు లెక్క తప్పలేదు.

ఐదో రోజు తప్పింది. ఎందుకో జాగ్రత్తగా వినండి. అక్కడ దిగేవాళ్ళు మీట నొక్కితేనో, ఎక్కేవాళ్ళు కనిపిస్తేనో బస్సు ఆగుతుంది. లేకపోతే స్టాపు దాటి పోతుంది. ఆ రోజు బస్సులో జనం లేరు. అది ఎప్పుడో గాని ఆగడం లేదు, నేను ఆగినవి మాత్రమే లెక్కపెడుతున్నాను. పదకొండు పూర్తయ్యేసరికి బడి ఎక్కడో వెనక ఉండిపోయింది.

దిగి చూస్తే తెలిసిన గోడ లేదు. గంటకి ఇంకా ఇరవై నిమిషాలు. అప్పుడు తగిలింది రొట్టెల వాసన. నాలుగు మెట్లు కిందికి ఒక గది, పెద్ద పొయ్యి, మోచేతుల దాకా పిండితో ఒక ముసలాయన. బడికి దారేదని ఎలా అడగడం? గాల్లో చేతులు బారచాపి నల్లబల్ల గీసి చూపించాను. ఆయన అంత రొట్టె కావాలనుకున్నాడు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇచ్చాడు. సంచిలో పట్టక, చంకలో ఇమడక, కొంగుతో వీపుకి కట్టుకుని వెనక్కి పోయే బస్సెక్కాను. ఇక్కడ కాస్త సైన్సు చెప్పాలి. పులిసిన పిండిలో గాలి ఉంటుంది, వేడికి ఆ గాలి ఉబ్బుతుంది. బస్సులోకి ఎండ ఏటవాలుగా పడుతోంది. మొదటి స్టాపుకి రొట్టె పక్క సీటు ఆక్రమించింది, రెండో స్టాపుకి బస్సంతా నిండిపోయింది.

"మరి నీకు ఊపిరాడిందా?" అంది చిన్నది.

కొరుక్కుంటూ దారి చేసుకున్నాను. డ్రైవరు అటునుంచి తింటూ వచ్చాడు. మధ్యలో ఎదురుపడి నమస్కారాలు పెట్టుకున్నాం. అప్పుడు బస్సెవరు నడిపారని పెద్దవాడి సందేహం. మంచి ప్రశ్న. ఎవరూ నడపలేదు. రొట్టెలో గాలికి బస్సు జానెడెత్తున తేలిపోతోంది. ట్రాఫిక్ పోలీసు ఆపమని చెయ్యెత్తి, వాసన తగిలి ఆ చెయ్యే చాపాడు. ఒక ముక్క పెట్టాను. సరిగ్గా బడి ముందు బస్సు నేలకి దిగింది, గంటకి అర నిమిషం ఉంది.

ఆ వారం భిన్నాల పాఠం. రొట్టెని తరగతిలోకి దొర్లించి సగం, పావు, అరపావు అని కోసి పంచాను. నలభై ఇద్దరిలో భిన్నాలు రాని పిల్ల లేదు. హెడ్మాస్టరమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకుని, నెల దాకా ఆగక్కర్లేదమ్మా, ఉద్యోగం నీదే అంది.

తాతయ్య పేపరు మడిచారు.

"మీ అమ్మమ్మని ఒక్క మాట అడగండర్రా. ఆ దేశంలో వారం సెలవు ఆదివారం కాదు. ఆ ఐదో రోజే. నేను దుప్పటి ముసుగేసి పడుకునే ఉన్నాను, నన్ను లేపకుండా తయారై పోయింది. ఆ నలభై ఇద్దరూ ఎక్కణ్ణించి వచ్చారట?"

పిల్లలిద్దరూ నా మొహం చూశారు. తప్పు పట్టినవాడికి మార్కు వెయ్యకపోతే నేను టీచర్నే కాదు. ఒప్పుకున్నాను. గేటుకి తాళం. రొట్టె మూరెడు. లోపల ఉన్నది వాచ్‌మన్ ఒక్కడే. ఇద్దరం మెట్ల మీద కూర్చుని, ఒకరి భాష ఒకరికి రాకుండానే చెరి సగం తిన్నాం. ఫ్లాస్కులోంచి టీ పోశాడు. అంత రుచైన రొట్టె మళ్ళీ తినలేదు, ఇది మాత్రం కోత కాదు.

"అయితే ఉద్యోగం వచ్చింది కూడా అబద్ధమేనా?" పెద్దవాడి గొంతులో దిగులు.

అది నిజం నాన్నా. కొత్త టీచరు సెలవు రోజు కూడా గంటకి ముందే వచ్చి నిలబడిందని వాచ్‌మన్ మర్నాడే చెప్పాడు. హెడ్మాస్టరమ్మ నన్ను పిలిచి, సెలవునాడు కూడా వచ్చావటగా అంది. అవునండీ అన్నాను. అక్కడే సంతకం పెట్టేసింది. ఏడేళ్ళు చేశాను.

"సెలవని తెలియక వచ్చానని చెప్పలేదా?" అంది చిన్నది.

"అడిగిన ప్రశ్నకే జవాబు రాయమని మీకు ఎన్నిసార్లు చెప్పాను? ఆవిడ ఆ ప్రశ్న అడగలేదు."

మళ్ళీ విప్పిన పేపరు వెనక తాతయ్య భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. ఇక లేవండి, బకెట్లో సగం బట్టలు అలాగే ఉండిపోయాయి, ఎండ తగ్గకముందే ఆరేసి వస్తాను.