ముసలమ్మకి జ్వరమే, అంతే

కుట్టుమిషన్ల షెడ్డు నుంచి వచ్చిన తమ్ముడు చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు. అదే షెడ్డులో పనిచేసే అక్క ఇవాళ వెళ్లలేదు. మంచం మీద కూర్చుని ఫోనులో కథ రాస్తోంది.

“నువ్వెందుకు రాలేదని సూపర్‌వైజర్ అడిగాడక్కా.”

“ఒంట్లో బాలేదని చెప్పలేకపోయావా?”

“నోటికొచ్చింది చెప్పేశాను. ముసలమ్మ పోయిందన్నాను.”

“ఏ ముసలమ్మ?”

“ఇంకెవరు, నీ సీరియల్లో లైట్‌హౌస్ ముసలమ్మ. నిన్నంతా ఆవిడ కోసమే ఏడ్చావుగా. పాపం, షెడ్డులో వాళ్లంతా మన చుట్టాల్లో ఎవరో ముసలమ్మ అనుకుని మిషన్లాపి లేచి నిలబడ్డారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.”

“ఆవిడ పోలేదురా.”

“నిన్నటి ఎపిసోడ్‌లో పోయింది. నేనూ చూశాను.”

“అది వాళ్లు రాసుకున్నది. నేను రాసేదాంట్లో జ్వరమే, అంతే. తెల్లారేసరికి తగ్గిపోతుంది.”

“నాకు ఓపిక లేదే బాబూ. మన అమ్మమ్మ పోయినప్పుడు మర్నాడే పనికెళ్లావు. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. ఈవిడ మనకేమవుతుందని?”

“అప్పుడు నా చేతిలో ఏముందిరా? డాక్టర్ చెప్పింది వినడం తప్ప.”

తమ్ముడు లేచాడు. చెప్పులు విడిచొచ్చి మంచం చివర కూర్చున్నాడు.

“జ్వరం తగ్గాక ఏం చేస్తుంది?”

“ఇంకా అక్కడిదాకా రాలేదు.”

“వేడిగా పాలు అడిగించు. చక్కెర ఎక్కువేసి.”

“అమ్మమ్మ అడిగినట్టా?”

“ఊఁ. నీ కథలో డాక్టర్ లేడుగా, వద్దనడానికి?”