విశేషాల గడిలో మామూలే

నా చేతిరాత బాగుందని ఒప్పుకోకుంటే అబద్ధమాడినట్టయితాది సలోమీ. నాకేమో అబద్ధాలంటే పడదు. నంద్యాలలో మా కాలేజీ మొత్తం వెతుకు, నా అంత గుండ్రంగా రాసేటోడు యాడున్నాడు? చదివింది ఏడో తరగతే. అయినా ఎలుకల గదిలో రిజిస్టరు నాదే.

నవ్వద్దు మే. నీ సమాధి మీద అప్పుడే మొలిచిన గడ్డి పీకుతాండా, అట్లే ఇను. దీనికోసమే పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కినా.

జాహ్నవి మేడం పని నీకెరికే గదా? బెదురు మెదడులో యాడ పుడతాదో కనుక్కోవాల. పెట్టెలో కూత మోగుతాది, ఎలుక కాళ్లకు చురుక్కుమని కరెంటు. మర్నాడు ఉత్త కూతే. ఎంతసేపు బిగుసుకుంటాదో లెక్కేస్తారు. సగం ఎలుకలకు బెదురు తగ్గే మందు, సగానికి ఉప్పునీళ్లు. ఏది దేనికో నాకు చెప్పరు. తెలిస్తే చెయ్యి ఒక పక్కకు మొగ్గుతాదంట. రిజిస్టరులో "విశేషం" అని ఒక గడి. "నువ్వు తుమ్మినా అందులో రాయప్పా జీవరత్నం" అనె మేడం.

నిన్ను ఈడ పెట్టిన మర్నాడే డ్యూటీకి పోయినా. ఏడుపా? రాల్యా. కాళ్లు అలవాటుగా పోయినాయి, వాటెంబడి నేనూ పోయినా.

పంజరం తెరిస్తే ఒకటి బిగుసుకోని కూచునింది. ఆస్పత్రిలో ఆఖర్న నీ చెయ్యి అట్లే ఉండె. తీసి చొక్కాలో పెట్టుకున్నా. మెల్లగా వదులాయె. ఇంగ రోజూ పరీక్షకు ముందు నలభై ఎలుకలనీ అట్లే, ఒక్కొక్కటే.

గడిలో ఏం రాసినా? మామూలే. పదకొండు దినాలూ, ముత్యాల మాదిరి, మామూలే.

నిన్న లెక్క తీసినారు. కూత మోగినా ఒక్కటీ బెదరల్యా. ఉప్పునీళ్లవి కూడా! ఇంగ మందు పనిచేసిందో లేదో ఎట్ల తెలుస్తాది? మేడం మొగం మాడిపోయె.

"ఏమన్నా మార్చినావా జీవరత్నం? నిజం చెప్పప్పా."

"ల్యా మేడం, రిజిస్టరు సూడండి."

సూసింది. నమ్మింది. రాత అంత బాగుండె మరి.

రెండేండ్ల పని. పెట్టెలోనే తప్పుందని దాన్ని విప్పుతాండారు. నలభైనీ సోమవారం మందిచ్చి చంపేస్తారు. కొత్తవి నలభై వస్తాయి. మళ్లా కూత, మళ్లా కరెంటు. కాపలా మళ్లా నేనే. తొలిదినమే రాసుంటే ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టి, నన్ను తిట్టి, పని సాగించుకునేది ఆయమ్మ.

బస్సులో నాలుగుసార్లు పైకే అనుకుంటి, "మేడం, నేనే" అని. పక్కన కూచున్నాయప్ప "ఏందీ?" అనె. ఏం ల్యా అంటి.

గడి చిన్నదేం కాదు సలోమీ, రెండు వరసలు పడతాయి. నా పెండ్లాం చచ్చిపోయింది అని అందులో రాయడం మాత్రం ఇంకా నేర్చుకోల్యా.